ఆన్‌లైన్ వేలంలో పాత తుపాకీ: కొనేది ఇనుమా, కథా?

వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం ఎప్పట్లాగే మాట్లాడినదంతా ఇక్కడ అక్షరాల్లో పెడుతున్నాం. వీడియోలో చూపించిన ఫొటోలు ఇక్కడ ఉండవు కాబట్టి వాటిలో ఏముందో మాటల్లోనే చెప్పేస్తాను.

ఈసారి విషయం మీరే ఇచ్చారు. పోయిన నెల్లో రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి డల్లాస్ నుంచి. ఆయనది రావులపాలెం దగ్గర ఊరు, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊళ్ళో కొత్త ఇల్లు కట్టిస్తున్నారు. అమెరికాలో ఒక వేలం సైట్లో పాత తుపాకీ కనపడిందట, ఫొటోలు పంపించారు. "1857 సిపాయిల తిరుగుబాటులో వాడిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ, ఇండియాలో ఒక మహారాజా ఆయుధాగారం నుంచి వచ్చింది" అని అమ్మేవాడు రాశాడు. "ఊళ్ళో హాల్లో తాతగారి ఫొటో పక్కన తగిలిద్దామనుకుంటున్నానండి, ధర సబబేనా?" అని ఈయన ప్రశ్న.

రెండోది అమలాపురం వైపు నుంచి, ఒక అమ్మగారు పెట్టింది. "మా మావయ్యగారి డబుల్ బ్యారెల్ తుపాకీ అటక మీద ఉందండి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆన్‌లైన్లో పెడితే లక్షలొస్తాయని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?"

రెండోది చదవగానే నాకు గుండె ఝల్లుమంది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు డల్లాస్ ఆయన సంగతి చూద్దాం.

వేలం పాట మన గోదావరి వాళ్ళకి కొత్తేం కాదు కదండీ. లంక భూముల పాట, చేపల చెరువుల పాట, వరద నీళ్ళు తగిలాక యానాంలో పులస పాట. పులస కొనేవాడు ఏం చేస్తాడు? చేప చేతిలోకి తీసుకుంటాడు, మొప్ప ఎత్తి చూస్తాడు, ఎక్కడ పడిందని అడుగుతాడు, అప్పుడు నోరు తెరిచి పాట పాడతాడు. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన చేపని చూపించి పులస అంటే నవ్వి వెళ్ళిపోతాడు. ఆన్‌లైన్ వేలంలో మొప్ప ఎత్తి చూసే వీల్లేదు. పది ఫొటోలు, ఒక పేరా కథ, అంతే. ఆ కథ అమ్మేవాడు రాసింది. ఫొటోలో ఇనుము మీద కనపడే అక్షరాలు మాత్రం తుపాకీ చేసినవాళ్ళు కొట్టినవి. ఆ రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే నేను చూస్తాను.

మొట్టమొదట చూడాల్సింది లాక్ ప్లేటు. తుపాకీకి కుడిపక్క, ట్రిగ్గర్‌కి కాస్త పైన హ్యామర్ బిగించి ఉండే ఇనప పలక అది. తుపాకీకి అదే ఆధార్ కార్డు అనుకోండి. డల్లాస్ ఆయన పంపిన ఫొటోలో ఆ పలక మీద ఒక కిరీటం ఉంది, ముందు భాగంలో "1857 టవర్" అని ఇంగ్లీషులో ఉంది. అమ్మేవాడు ఆ 1857 చూసే కథ అల్లేశాడు. మనం కూడా 1857 అనగానే మంగళ్ పాండే దగ్గరికి వెళ్ళిపోతాం.

ఆ అంకె లాక్ తయారైన సంవత్సరం మాత్రమేనండి. ఎక్కడ పేలిందో చెప్పే సంవత్సరం కాదు. ఇంగ్లండులో ఆ ఏడు తయారైన తుపాకీ ఓడెక్కి, ఆఫ్రికా చుట్టూ తిరిగి కలకత్తా చేరి, ఒక పటాలం చేతికి రావాలంటే ఎంత కాలం పడుతుందో ఆలోచించండి. ఇంకో సంగతి. కొవ్వు పూసిన తూటాల గొడవంతా ఎన్‌ఫీల్డ్ గురించే అయినా, తిరగబడిన సిపాయిల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఎన్‌ఫీల్డులు కావు. అప్పటికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్ శిక్షణ కేంద్రాల్లో కొందరికి దాన్ని వాడటం నేర్పటం మొదలైంది, అంతవరకే. మిగతావాళ్ళ దగ్గర ఉన్నవి పాత నున్న గొట్టం మస్కెట్లు. కాబట్టి "సిపాయి వాడిన 1857 ఎన్‌ఫీల్డ్" అన్న ఒక్క మాటలోనే రెండు అనుమానాలున్నాయి.

కిరీటం కింద ఏముందో కూడా చూడాలి. విక్టోరియా రాణి గుర్తుగా "వి.ఆర్." అక్షరాలుండి, వాటితో పాటు చిన్న బాణం గుర్తు కూడా ఉంటే బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి. రెండు బాణాలు మొనకి మొన ఎదురెదురుగా ఉంటే ప్రభుత్వం వద్దనుకుని అమ్మేసింది. కిరీటం ఒక్కటే ఉండి అక్షరాలు లేకపోతే చాలావరకు బర్మింగ్‌హామ్ ప్రైవేటు వ్యాపారుల సరుకు. అలాంటివి అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ కొనుక్కున్నాయి. అంటే డల్లాస్‌లో దొరికిన ఎన్‌ఫీల్డ్ ఇండియా మొహమే చూసి ఉండకపోవచ్చు!

ఈస్ట్ ఇండియా కంపెనీ సరుకైతే గుర్తులు వేరు. పాతవాటి మీద గుండె ఆకారం, దాని మీద నాలుగు అంకెలాంటి గీత, లోపల గడుల్లో కంపెనీ పేరు పొడి అక్షరాలు. 1808 ప్రాంతం నుంచి గుండె పోయి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడిన సింహం వచ్చింది. 1858లో కంపెనీ పాలనే పోయింది కాబట్టి సింహం గుర్తుతో 1870 అని ఉన్న లాక్ ఎవరైనా చూపిస్తే ఇంక మిగతా ఫొటోలు చూడక్కర్లేదు. ఈ కంపెనీ పేరుతో మనవాళ్ళు ఎంత మోసపోయారో మీకు తెలుసు. 1818 రామ దర్బార్ నాణెం అని, రైస్ పుల్లింగ్ చెంబు అని, పొలాలమ్మి పోగొట్టుకున్నవాళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నారు. తుపాకీ మీద కూడా ముందు చెక్కేది ఆ కంపెనీ పేరే. దొంగ ముద్రల్లో అక్షరాల ఎత్తు సమానంగా ఉండదు, ఇంగ్లీషు ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేతితో చేసిన నకళ్ళలో ఇది మామూలే. అక్కడి పనివాళ్ళు ఇంగ్లీషు చదివి కాదు, బొమ్మలాగా చూసి చెక్కేవాళ్ళు.

ఆ మధ్య ఒకాయన "చందుర్తి యుద్ధం నాటి తుపాకీ" అని నాకు ఫొటో పంపారు. పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళని ఓడించాడు, ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోవటానికి దారి వేసిన యుద్ధం అది. మన గడ్డ మీద జరిగింది కాబట్టి నాకూ ఆశ పుట్టింది. ఫొటో పెద్దది చేసి చూస్తే హ్యామర్ కింద టోపీ తూటా పెట్టే చిన్న ముక్కు ఉంది. ఆ టోపీ పద్ధతికి మూలమైన కనిపెట్టుడుకి స్కాట్లండ్ పాదరీ ఫోర్సిత్ పేటెంట్ తీసుకున్నది 1807లో. బ్రిటిష్ సైన్యం దానికి మారింది 1840 ప్రాంతాల్లో. 1758లో అయితే చెకుముకి రాయి ఉండాలి. చెకుముకి తుపాకుల్ని తర్వాత టోపీ పద్ధతికి మార్చటం కూడా ఉందండి, కాదనను. అప్పుడు లాక్ ప్లేటు మీద పాత మరల బెజ్జాలు పూడ్చిన గుర్తులుంటాయి. ఈయన ఫొటోలో ఒక్క బెజ్జం కూడా లేదు.

సరే, మన ఎన్‌ఫీల్డుకి వద్దాం. నేను ఇంకో నాలుగు ఫొటోలు అడిగించాను. గొట్టం మూతి లోపల, వెనక గురి చూసే భాగం, గొట్టం ఎడమ పక్క మొదలు, చెక్క మడమ. మంచి అమ్మకందారు అడిగిన రోజునే పంపిస్తాడు. "ఫొటోల్లో ఉన్నది ఉన్నట్టే" అని తప్పించుకుంటే అక్కడే ఆగిపోండి.

మూతి ఫొటో ఎందుకంటే, అసలు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలికల గాళ్ళుంటాయి, కొలత పాయింట్ 577 అంగుళం. తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషువాళ్ళకి భయం పట్టుకుంది. మన సిపాయిలకి దూరం కొట్టే తుపాకీ ఇవ్వకూడదనుకున్నారు. చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డే, లోపల మాత్రం గాళ్ళు లేని నున్న గొట్టం, కొలత పాయింట్ 656. దూరాన్ని బట్టి లేపుకునే నిచ్చెన గురి తీసేసి ఒక చిన్న దిమ్మ పెట్టారు. నేను పాత తుపాకుల్లో బాగా ఇష్టపడేది ఇదేనండి. అందంగా లేకపోయినా ఒక ప్రభుత్వం తన సైనికుల్నే నమ్మలేదన్న సంగతి ఆ గొట్టంలో వేలు పెట్టి తడిమి చూడొచ్చు. డల్లాస్ తుపాకీ మూతి లోపల నున్నగా ఉంది, దిమ్మ గురి ఉంది. అంటే ఇది భారత సైన్యానికి చేసిన రకం. ఇండియాకి వచ్చిందన్న మాట నిజం కావచ్చు. కానీ ఈ రకం పుట్టిందే తిరుగుబాటు దెబ్బకి కాబట్టి తిరుగుబాటులో వాడారన్న మాట అబద్ధం. గొట్టం తర్వాతిది, లాక్ 1857ది, అదీ ప్రైవేటు సరుకుది. రెండు తుపాకుల ముక్కలు కలిపారన్నమాట.

మరి మహారాజా? మడమ చెక్క ఫొటోలో దేవనాగరి అంకెలున్నాయి. అమ్మేవాడికి అదే మహారాజా సాక్ష్యం. 2003లో రెండు అమెరికా కంపెనీలు కలిసి ఖాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత కోటలోంచి నేపాల్ సైన్యం పాత ఆయుధాలు వేలకి వేలు కొని తీసుకెళ్ళాయి. బ్రౌన్ బెస్‌లు, ఎన్‌ఫీల్డులు, మార్టినీ హెన్రీలు. వాటి మీద నేపాల్ పటాలాల గుర్తులు దేవనాగరిలో ఉంటాయి. అప్పటినుంచి అమెరికా వేలాల్లో అవి చేతులు మారుతూనే ఉన్నాయి. చేయి మారినప్పుడల్లా నేపాల్ అన్న మాట జారిపోయి మహారాజా వచ్చి చేరుతున్నాడు. ఇది అక్కడిదే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. పాతదే, నిజమైనదే, చరిత్ర ఉన్నదే. కాకపోతే చెప్పిన కథ దానిది కాదు.

పరిస్థితి గురించి కూడా ఒక మాట. పాత తుపాకీ గొట్టం మీద గోధుమ రంగు పొర ఉంటే మంచిది. తళతళ మెరిస్తే భయపడాలి. మన ఇళ్ళల్లో ఏం చేస్తామంటే, ఇత్తడి భాగాలకి చింతపండు, ఇనుముకి గరుకు కాగితం, చెక్కకి వార్నిష్. పండక్కి బిందెలు తోమినట్టు తోమేస్తాం. అక్షరాలు అరిగిపోతాయి, వాటితో పాటే ధరా అరిగిపోతుంది. యూరప్ తుపాకీ చెక్క సాధారణంగా వాల్‌నట్. టేకు కనపడిందంటే ఎవరో మన వడ్రంగి తర్వాత వేసిన చెక్క. మరల గాళ్ళు చితికిపోయి ఉంటే చాలాసార్లు విప్పి బిగించారని. మందు దట్టించే కడ్డీ పొడుగు గొట్టంతో సరిపోవాలి, పొట్టిగా ఉంటే వేరే తుపాకీది.

నేను మోసపోయింది కూడా చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనుకుంటారు. మొదట్లో ఒక సైట్లో చెకుముకి పిస్తోలు చూసి పాట పాడాను. సింహం గుర్తుంది, 1810 అని ఉంది. ఇంటికొచ్చాక తీరిగ్గా చూస్తే మందు పళ్ళెం దగ్గర గొట్టంలోకి ఉండాల్సిన నిప్పు బెజ్జమే లేదు! మన ఉత్తరాది కార్ఖానాల్లో నాటకాలవాళ్ళకీ, విదేశాల్లో పాత యుద్ధాలు ఆడి చూపించేవాళ్ళకీ నకలు తుపాకులు చేస్తారు. ఆయుధం కింద లెక్క రాకుండా ఆ బెజ్జం తొలవకుండా పంపిస్తారు. ఫొటోల్లో అన్నీ చూశాను, అది చూడలేదు. అది ఇప్పటికీ మా టీవీ పక్కనే ఉంది, దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ ధర గుర్తుచేస్తుంది.

ఇంక పెద్ద పేర్ల కథలు. "అల్లూరి సీతారామరాజు వాడిన తుపాకీ" అని నేనే మూడు చోట్ల చూశాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న గోదావరి ఏజెన్సీలోని రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి రాజుగారి దళం తీసుకెళ్ళినవి 11, 7, 8, కలిపి 26 తుపాకులు. ఏమేం తీసుకెళ్ళారో స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారన్నది మనందరం విన్న సంగతే. లెక్క రాసి ఉన్న వస్తువు కాబట్టి అమ్మేవాడు నంబరు చూపించాలి, ఆ నంబరు ఏ కాగితంలో ఉందో చూపించాలి. అది లేకుండా ఎంత పాత తుపాకీ అయినా పాత తుపాకీయే. ఒకవేళ నిజంగా అదే అయితే అది పోలీసు శాఖ ఆస్తి, దాని చోటు మ్యూజియం. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీ సరుకులోంచి విప్లవకారులు ఎత్తుకెళ్ళిన 50 మౌజర్ పిస్తోళ్ళ విషయం కూడా ఇంతే. ప్రతి పిస్తోలు నంబరూ కంపెనీ పుస్తకాల్లో ఉంది కాబట్టే తర్వాత పట్టుబడినవి అవేనని పోలీసులు తేల్చగలిగారు.

కథ నిలబడితే ధర ఎలా ఉంటుందో కూడా చూడండి. 2019 మార్చిలో ఇంగ్లండు బెర్క్‌షైర్‌లో ఒక ఇంటి అటక మీద దొరికిన టిప్పు సుల్తాన్ ఆయుధాలు వేలానికి వచ్చాయి. వెండి తొడుగుల చెకుముకి తుపాకీ ఒక్కటే 60,000 పౌండ్లు పలికింది. కారణం, శ్రీరంగపట్నం నుంచి అవి తెచ్చిన కంపెనీ మేజర్ ఎవరో తెలుసు, ఆ కుటుంబం చేతిలోనే ఉన్నాయి.

ధర చూసేటప్పుడు అడిగిన ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. చాలా సైట్లలో పాత వేలాల ఫలితాలు దొరుకుతాయి. సుత్తి దెబ్బకి పలికిన ధర మీద కొనేవాడి కమీషన్ ఇరవై శాతం పైన కూడా పడుతుంది, ఆపైన పన్ను, రవాణా. దొంగ పాట పాడేవాళ్ళు మన చెరువుల దగ్గరే కాదు, అక్కడా ఉంటారు. కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, చట్టం. అమెరికాలో 1968 చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి పురాతన వస్తువులు, కేంద్ర చట్టం వాటిని ఆయుధంగా చూడదు. డల్లాస్ ఆయన అక్కడ ఆ ఎన్‌ఫీల్డ్ కొని అక్కడి గోడకి తగిలించుకుంటే సమస్య ఉండదు. రావులపాలెం తీసుకొస్తానంటేనే సమస్య. మన దేశంలోకి తుపాకీ అనుమతి లేకుండా తేవటం నేరం, కస్టమ్స్ వాళ్ళ దగ్గర "షోకి అండి" అంటే కుదరదు. అటునుంచి ఇటు రానట్టే, ఇటునుంచి అటూ పోదు. 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువుని వ్యక్తులు విదేశాలకి పంపకూడదు.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కాలం చెల్లినవాటికీ పురాతనమైనవాటికీ మినహాయింపు ఇస్తుంది నిజమే. కానీ మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చటానికి పనికిరానిదై ఉండాలి. తుప్పు పట్టింది కదా అంటే చాలదు, బాగుచేస్తే పేలుతుందంటే అది ఆయుధమే. 2020 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చి, క్యూరియో కోవలోకి వచ్చేవాటిని కొనటానికీ ఇంట్లో ఉంచుకోటానికీ మన పౌరులకి లైసెన్సు అక్కర్లేదన్నారు. అందరూ అంతవరకే చదివి వాట్సాప్‌లో పంపేస్తున్నారు. తర్వాతి వాక్యంలో, వాడటానికీ మోసుకెళ్ళటానికీ రవాణాకీ లైసెన్సు కావాలని ఉంది. ఆన్‌లైన్లో కొన్నది మీ ఇంటికి రవాణా కాకుండా ఎలా వస్తుందండి? పైగా అది క్యూరియోనా కాదా అన్నది అమ్మేవాడు తేల్చే విషయం కాదు. లైసెన్సులిచ్చే అధికారికి ఫొటోలతో అర్జీ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

అమలాపురం అమ్మగారి సంగతి అందుకే భయపెట్టింది. మావయ్యగారి లైసెన్సు మావయ్యగారితోనే పోయింది. వారసులు ఆ తుపాకీని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, కావాలంటే తమ పేరు మీద లైసెన్సుకి అర్జీ పెట్టుకోవాలి. లేకుండా ఇంట్లో ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, గరిష్ఠం అయిదేళ్ళు జైలు. ఒక మనిషికి రెండు తుపాకులకి మించకూడదన్నది కూడా అప్పటి సవరణే, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. అలాంటి తుపాకీని ఫొటో తీసి, ఫోన్ నంబరుతో ఇంటర్నెట్లో పెట్టబోతున్నారు వాళ్ళ అబ్బాయి! నేను రాత్రి పదింటికి ఫోన్ చేశాను. ముందు ప్రకటన పెట్టొద్దు, అటక మీంచి దించి ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు, పొద్దున్నే తెలిసిన వకీలుని తీసుకుని స్టేషన్‌కి వెళ్ళి, తుపాకీ ఇంట్లో ఉందని రాసివ్వండి, ఎలా తెమ్మంటే అలా తీసుకెళ్ళండి అన్నాను.

ఆవిడ వెళ్ళారు. పాత లైసెన్సు పుస్తకం బీరువాలో దొరికింది, అది చాలా మేలు చేసింది. ఇప్పుడు తుపాకీ డిపాజిట్లో ఉంది, రసీదు ఫొటో నాకు పంపించారు. గొట్టాల కింద "నాట్ ఫర్ బాల్" అని ఇంగ్లీషులో ముద్ర ఉందని చెప్పారు. అంటే 1875కీ 1887కీ మధ్య ఇంగ్లండులో పరీక్ష చేసిన గొట్టాలన్నమాట, మావయ్యగారి కన్నా ఆయన తండ్రిగారిదై ఉండొచ్చు. లక్షల సంగతి లైసెన్సు తేలాక చూద్దామన్నారు.

డల్లాస్ ఆయన మాత్రం పాట పాడారు, కథకి కాకుండా వస్తువుకి ఎంతో అంతే వేసుకుని. ఇంకెవరో మహారాజా ధరకి పాడుకుపోయారట. హాల్లో తాతగారి పక్కన ఏం పెట్టాలని మళ్ళీ మెసేజ్ పెట్టారు. వాళ్ళ పెరట్లో పాత కాటా, తూకం రాళ్ళు ఉన్నాయని మాటల్లో అన్నారు. ఫొటోలు పంపమన్నాను, వచ్చే ఎపిసోడ్ వాటి మీదే.